కొబ్బరి తోటలో ట్రాక్టరుకు లోడరు, బ్యాక్‌హో: కొనాలా, ఎక్కడ వాడాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. పి.గన్నవరం దగ్గర మూడున్నర ఎకరాల కొబ్బరి తోట ఉంది, మధ్యలో కొంతమేర కోకో ఉంది. ఇంట్లో 47 హెచ్‌పీ ట్రాక్టరు ఉంది. దానికి ముందు మట్టి ఎత్తే లోడరు బకెట్టు, వెనక మట్టి తవ్వే చెయ్యి, అంటే బ్యాక్‌హో బిగించుకుంటే మూడు పనులు మీరే చేసుకోవచ్చని ఆలోచన. వానాకాలంలో తోటలో నిలిచే నీటికి మురుగు బోదె తవ్వడం, ఇంటి కోసం 5 సెంట్ల స్థలం మెరక చేయడం, తోట చివర పల్లంలో అర ఎకరం చేపల చెరువు తవ్వడం. కొనమంటారా, జేసీబీని అద్దెకు పిలవమంటారా అని అడిగారు.

నేను అమలాపురం దగ్గర పద్దెనిమిదేళ్లుగా మట్టి పని చేయిస్తున్నాను. మొదటి ఆరేళ్లు ట్రాక్టరు బ్యాక్‌హోతోనే నడిపాను, తర్వాత జేసీబీ తీసుకున్నాను. ఇప్పటికీ తోటల్లో పనికి ఆ పాత ట్రాక్టరునే పంపుతాను. కాబట్టి రెండింటి మంచీ చెడూ చెప్పగలను.

నా మాట ముందే చెప్పేస్తాను. బోదె పనికి మీరనుకున్న మెషీను చక్కగా సరిపోతుంది. మెరక పనిలో సగం సాయం చేస్తుంది. చెరువుకు మాత్రం వద్దు. మన గోదావరి డెల్టాలో మెషీను శక్తి కంటే నేలలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయన్నదే పనిని నడిపిస్తుంది. కొనే ముందు ఆలోచించాల్సింది అదే.

లెక్క వేసి చూద్దాం. చిన్న బ్యాక్‌హో బకెట్టులో నిండుగా పడితే రెండు ఘనపుటడుగుల మట్టి వస్తుంది. చెయ్యి తిరిగిన మనిషి గంటకు వంద బకెట్లు తీస్తాడు. అంటే గంటకు 200 ఘనపుటడుగులు, మన లెక్కలో రెండు యూనిట్లు. మీ బోదె 600 అడుగుల పొడవు, సగటున రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల లోతు అనుకుంటే 4,500 ఘనపుటడుగులు. ఇరవై రెండు, ఇరవై మూడు గంటల పని, అంటే మూడు రోజులు. కొత్తలో అయిదు రోజులు పట్టినా నష్టం లేదు.

ఇప్పుడు చెరువు చూడండి. అర ఎకరం అంటే 21,780 చదరపుటడుగులు. అయిదడుగుల లోతు తీస్తే లక్షా తొమ్మిది వేల ఘనపుటడుగులు, సుమారు 1,090 యూనిట్లు. అదే బకెట్టుతో రోజుకు ఎనిమిది గంటలు తవ్వినా రెండు నెలలు దాటుతుంది. ఈలోగా కాలువలకు నీళ్లు వదిలేస్తారు, ఊట పైకొస్తుంది, పని సగంలో ఆగుతుంది. అదే పొక్లెయిన్ పెడితే నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. ఆ పనికి ట్రాక్టరును అరగదీసుకోవడం అన్యాయం. పైగా కొత్త చెరువుకు అనుమతి కావాలి. 2020లో రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం వచ్చింది. మీ మండలం మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోకుండా గడ్డపార కూడా దించకండి. మీది తీరానికి మరీ దగ్గర కాదు కాబట్టి ఉప్పు ఊట భయం తక్కువే. సముద్రం వైపు ఊళ్లలో మాత్రం పైన తేలే మంచినీటి పొర దాటి లోతుకు పోతే కిందనుంచి ఉప్పు నీరు పొంగుతుంది. పక్క తోటల నూతులు కూడా చెడిపోతాయి.

ఇక బోదె. మీకు అసలు లాభం ఇక్కడే కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తాను.

మన తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య 25 అడుగులు ఉంటుంది. కొబ్బరి వేళ్లలో తిండి తీసుకునేవి ఎక్కువగా మొదలు చుట్టూ ఆరేడు అడుగుల లోపలే ఉంటాయి. కాబట్టి రెండు వరసల నడిమధ్యన, అంటే మొదలు నుంచి పన్నెండున్నర అడుగుల దూరంలో గీత వేసుకుంటే ఏ చెట్టుకూ దెబ్బ తగలదు. చిక్కు ఎక్కడంటే, కోకో కూడా సరిగ్గా ఆ నడిమధ్యనే నాటి ఉంటుంది. కోకో లేని వరసను చూసి బోదె అటు తీయండి. అన్ని వరసల్లోనూ ఉంటే, పాత బోదె ఆనవాలు ఎక్కడైనా ఉందేమో వెతకండి. మన పెద్దవాళ్లు తవ్వించిన బోదెలు ఆకులూ కమ్మలూ పడి పూడిపోయి ఉంటాయి, తోటలో అక్కడక్కడా కాస్త పల్లంగా కనిపిస్తాయి. వాటినే తిరగతోడితే సగం పని తప్పుతుంది. జేసీబీ ఏడెనిమిది టన్నులు ఉంటుంది. అది తోటలోకి దిగితే వేళ్ల మీద మట్టి గట్టిపడిపోతుంది, తిరగడానికి చోటుండదు. మీ ట్రాక్టరు బ్యాక్‌హోతో కలిపినా దానిలో సగమే. తోట లోపలి పనికి చిన్న మెషీనే మేలు అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

తవ్వకం ఎప్పుడూ నీరు బయటికి పోయే చివర నుంచి మొదలుపెట్టాలి. ట్రాక్టరు వెనక భాగం మురుగు కాలువ వైపు ఉండేలా పెట్టి, తవ్వుతూ ముందుకు జరుగుతూ మెరక వైపు వెళ్లాలి. అప్పుడు ఊరిన నీరు ఊరినట్టే కిందికి జారిపోతుంది, మీరు పొడిలో తవ్వుతారు. మెరక నుంచి మొదలుపెడితే గంటలోనే బోదె చెరువైపోతుంది, బకెట్టులో బురద నీళ్లు తప్ప మట్టి రాదు. ఈ ఒక్క పొరపాటుతో రెండు రోజులు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

నీరు పారే వాటం (వాలు) కంటితో తేల్చవద్దు. మన నేల ఎంత సమతలంగా ఉంటుందో మీకు తెలుసు, కళ్లు మోసం చేస్తాయి. తాపీ మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల ట్యూబు చాలు. ప్రతి యాభై అడుగులకూ ఒక మేకు కొట్టి ఒకే మట్టం గుర్తు పెట్టండి, ఆ గుర్తు నుంచి కిందికి కొలిచి లోతు తీయండి. ఇంకొక మాట. బోదె కలిసే కాలువలో నీటిమట్టం వేసవిలో కొలిస్తే ఉపయోగం లేదు. ఆగస్టులో ఆ కాలువ ఎంత నిండుతుందో గట్టు మీద గుర్తులుంటాయి, పక్క రైతులకు తెలిసి ఉంటుంది. మీ బోదె అడుగు ఆ మట్టం కంటే కిందకు పోతే తోటలో నీరు బయటికి పోకపోగా కాలువ నీరే తోటలోకి ఎదురొస్తుంది. అలాంటి చోట తూము పెట్టి తలుపు వేయాలి. బోదె నీరు పక్కవారి చేలోకి పడకుండా ఊరి బోదెలోనో డ్రెయిన్‌లోనో కలిసేలా చూడండి. గట్టు తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

పైమట్టి సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు అది చూస్తే బాధేస్తుంది. పై అడుగు మట్టిని ఒక పక్క, కింద వచ్చే బంకమట్టినీ ఇసుకనీ ఇంకో పక్క పోయండి. పైమట్టిని తోటలో పలచగా చల్లుకోవచ్చు. కింది మట్టి గట్టుకు పనికొస్తుంది. రెండూ కలిపి చెట్ల మొదళ్ల మీద కుప్పపోస్తే చెట్టుకు ఊపిరి ఆడదు, ఆ మేర రెండు మూడేళ్లు గడ్డి కూడా సరిగా మొలవదు.

తోటలో మొదలు కుళ్లించే గానోడెర్మా తెగులు సోకిన చెట్లు ఏవైనా ఉన్నాయా? ఉంటే ముందు వాటిని గుర్తుపెట్టుకోండి. ఆ బూజు మట్టితోనూ పారే నీటితోనూ పాకుతుంది. తెగులు చెట్టు దగ్గర తవ్విన మట్టిని అక్కడే ఉంచాలి. ఆ చెట్టు పక్కనుంచి బోదె తీసి నీటిని మంచి చెట్ల వైపు పారించకూడదు. అక్కడ పని అయ్యాక బకెట్టునూ టైర్లనూ కడిగి కానీ ముందుకు కదలకూడదు. అద్దె మెషీన్లు ఒక తోట నుంచి ఇంకో తోటకు కడగకుండానే వెళ్లిపోతుంటాయి. మన సొంత మెషీను అయితే కడిగి కదపడం మన చేతిలో ఉంటుంది. కొనడానికి నేను ఒప్పుకునే గట్టి కారణం ఇదొకటి.

నల్లమట్టి తడిగా ఉంటే బకెట్టును వదలదు. పన్నెండు అంగుళాల బకెట్టులో అయితే మరీ ఇరుక్కుపోతుంది, మన నేలకు పద్దెనిమిది అంగుళాలదే తీసుకోండి. మధ్యమధ్యలో బకెట్టును నీటిలో ముంచి తీస్తే మట్టి జారుతుంది. వదలడం లేదని బకెట్టును చివరిదాకా టపటపా కొట్టవద్దు, సిలిండర్లు పాడవుతాయి. లోతుగా గుచ్చి లాగడం కంటే నాలుగైదు అంగుళాల మందాన చెక్కుతూ నింపితే ఇంజనుకూ పిన్నులకూ సుఖం. గుంట పూడ్చేటప్పుడు బకెట్టు పక్కతో మట్టిని ఊడ్చినట్టు తోస్తారు కొందరు. పక్కకు తిరిగే పిన్నూ బుష్షూ అరిగేది అందువల్లే. పూడ్చే పనికి ముందున్న లోడరు ఉంది కదా.

ఇక్కడ నాకు జరిగినది చెప్పాలి. ముక్తేశ్వరం వైపు ఒక తోటలో బోదె తీస్తున్నాను. ట్రాక్టరు ఊగకుండా నేలకు ఆనించే వెనక రెండు కాళ్లూ దించి, చెయ్యిని ఎడమ వైపు తిప్పి నిండు బకెట్టు లేపాను. ఎడమ కాలు ఒక్కసారిగా నేలలోకి దిగబడింది, ట్రాక్టరు అటు ఒరిగింది. బకెట్టును వెంటనే నేలకు ఆనించాను కాబట్టి నిలిచింది, లేకపోతే నా మీద పడేది. తర్వాత తవ్వి చూస్తే కింద కొబ్బరి డొక్కలు. ఆ ఇంటి పెద్దావిడ వచ్చి, అది వాళ్ల మామగారి కాలంలో పూడ్చిన నుయ్యి అని చెప్పారు. ఆ తర్వాత ఏ తోటకు వెళ్లినా ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతాను: ఇక్కడ పాత నుయ్యి ఉండేదా, డొక్కలు పూడ్చిన గొయ్యి ఉందా, ఎప్పుడైనా చెరువు ఉండేదా అని. కాళ్ల కింద రెండేసి తాటి పట్టెలు వేయకుండా పని మొదలుపెట్టను. ఒరిగితే బకెట్టును కిందికి దించడం చెయ్యికి అలవాటు కావాలి, ఆ క్షణంలో ఆలోచించే టైము ఉండదు.

మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త. మన ఒండ్రు నేలలో అయిదడుగులు దాటిన కందకంలోకి, పక్కలకు చెక్కలు కొట్టకుండా ఎవరినీ దింపవద్దు. పైన గట్టిగా కనిపించే నల్లమట్టి కింద ఇసుక పొర ఉంటుంది. ఊటతో ఆ ఇసుక జారితే పైదంతా ఒక్కసారే కూలుతుంది. ఒక ఘనపు మీటరు తడిమట్టి టన్నున్నరకు పైనే బరువు ఉంటుంది, ఛాతీ దాకా పడినా మనిషి ఊపిరి తీసుకోలేడు. తీసిన మట్టిని అంచు మీదే పోయకుండా కనీసం నాలుగైదడుగులు అవతల పోయండి. బ్యాక్‌హో చెయ్యి తిరిగే మేరలో పిల్లలూ చూసేవాళ్లూ నిలబడకూడదు.

కరెంటు తీగల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు, చెయ్యి పైకెత్తి ట్రాక్టరును కదపవద్దు, అంతే. గ్యాసు పైపుల గురించి మాత్రం చెప్పాలి. కోనసీమలో నేల కింద ఎక్కడ ఏ లైను పోతోందో కంటికి కనపడదు. 2014 జూన్ 27న నగరం ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఎంతమంది పోయారో మనందరికీ గుర్తుంది. అది తవ్వకం వల్ల జరిగింది కాదు. కానీ ఆ పైపులో ఏముందో, అది తెగితే ఏమవుతుందో ఆ రోజు మనకు తెలిసింది. మీ తోటలో గానీ పక్కన గానీ లైను గుర్తు రాళ్లు, పలకలు ఉంటే వాటి మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి, వాళ్ల మనిషి వచ్చి చూపించాకే తవ్వండి. ఆ లైను మేర నేల మీ సొంతమే అయినా అక్కడ చెరువు తవ్వడం, ఇల్లు కట్టడం, చెట్లు నాటడం 1962 నాటి పైపులైన్ల చట్టం ఒప్పుకోదు.

మెరక పనికి వద్దాం. 5 సెంట్లు అంటే 2,178 చదరపుటడుగులు. మూడడుగులు లేపాలంటే 6,534 ఘనపుటడుగులు, అంటే అరవై అయిదు యూనిట్లు. కానీ అది అణిగిన తర్వాతి లెక్క. తవ్వినప్పుడు మట్టి పొంగుతుంది, పోశాక అణుగుతుంది. పాతిక శాతం కలుపుకుంటే ఎనభై యూనిట్ల పైమాటే. ఇది చెప్పకుండా అరవై అయిదుకు బేరం మాట్లాడుకుని, తర్వాత మట్టి చాలక ఇబ్బంది పడతారు. ఎంత ఎత్తు లేపాలన్నది ఊరి రోడ్డును చూసి తేల్చవద్దు. 1986 ఆగస్టు వరదలోనూ 2022 జూలై వరదలోనూ మీ వీధిలో నీళ్లు ఏ గోడ మీద ఎంతవరకు వచ్చాయో అడిగి, ఆ గుర్తు మీద పెట్టుకోండి. నల్లమట్టి ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది, కాబట్టి ఇంటి కింద లోపలంతా బొండు ఇసుక పోసి, చుట్టూ అంచులకు మాత్రం బంకమట్టి కట్టండి. మట్టి, ఇసుక ఎక్కడినుంచి తెస్తున్నా దానికి పర్మిట్ ఉందో లేదో చూసుకోండి. తోలడానికి ట్రక్కులు ఎలాగూ అద్దెకే వస్తాయి. మీ లోడరు ఇక్కడ చేసేది, పోసిన కుప్పలను తొమ్మిదేసి అంగుళాల పొరలుగా సర్దడం. ఒక్కో పొరనూ తడిపి తొక్కించి ఆ పైన ఇంకో పొర వేయాలి. ఈ వేసవిలో పోసి ఒక వానాకాలం వదిలేయగలిగితే మంచిది, ఆ తర్వాత పునాది తీసుకోండి.

లోడరుతో నడిచేటప్పుడు బకెట్టు మోకాలు ఎత్తుకు మించి లేపి నడపవద్దు. ట్రక్కులో పోసేటప్పుడే పైకి ఎత్తాలి. వెనక బ్యాక్‌హో ఉంటే దాని బరువే సరిపోతుంది. దాన్ని విప్పి ఒక్క లోడరుతోనే పని చేస్తే వెనక చక్రాలు తేలికైపోతాయి, అప్పుడు టైర్లలో ముప్పాతిక వంతు నీళ్లు నింపుకోవాలి. మీ ట్రాక్టరు టూ వీల్ డ్రైవ్ అయితే తడి నేలలో లోడరుతో తోసే ఆశ పెట్టుకోవద్దు, వెనక చక్రాలు తిరుగుతూ అక్కడే గొయ్యి చేస్తాయి. గట్టు ఎక్కేటప్పుడు నిండు బకెట్టు మెరక వైపే ఉండాలి. అంటే ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి.

కొనేటట్టయితే ఒక విషయంలో పట్టుబట్టండి. బ్యాక్‌హోను నాగలిలాగా వెనక మూడు లింకులకు తగిలించి పంపించేస్తామంటే ఒప్పుకోవద్దు. తవ్వే తాకిడి అంతా ట్రాక్టరు వెనక హౌసింగు మీద పడి అది పగులుతుంది, ఒక్కోసారి బ్యాక్‌హో పైకి లేచి నడిపేవాడినే నొక్కేస్తుంది. ట్రాక్టరు కింద ముందు నుంచి వెనక దాకా పోయే ఫ్రేము వేసి దానికి బిగించాలి. ఆయిల్ పంపు కూడా పీటీఓ (ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టు) నుంచి నడిచేది విడిగా ఉంటే మంచిది, ట్రాక్టరు సొంత పంపు వేసవి మధ్యాహ్నాల్లో వేడెక్కి మందగిస్తుంది. పిన్నులన్నింటికీ రోజూ గ్రీజు కొట్టాలి, బురద నీటిలో పని చేసిన రోజు సాయంత్రం మళ్లీ కొట్టాలి. గొట్టంలో ఆయిల్ సన్నగా చిమ్ముతుంటే వేలితో తడిమి చూడవద్దు. ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది, చెయ్యి తీసేసేదాకా వస్తుంది. బకెట్టు నేలకు దించి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, చెయ్యి పెట్టేది ఇంజను ఆపాకే.

డబ్బు విషయంలో నా లెక్క ఇది. ఒక్క మీ మూడున్నర ఎకరాల కోసమే అయితే కొనవద్దు, ఏడాదిలో యాభై గంటలు కూడా పని ఉండదు. చుట్టుపక్కల తోటల బోదెలు, చేల గట్లు, పైపు కందకాలు కూడా చేస్తానంటే, ఏడాదికి రెండు వందల యాభై గంటలైనా వస్తాయన్న నమ్మకం ఉంటే కొనండి. ఊళ్లో పదిమందిని అడిగి చూస్తే తేలిపోతుంది. మొదటి పదిహేను గంటలు మాత్రం ఖాళీ స్థలంలో తవ్వి పూడ్చి చెయ్యి అలవాటు చేసుకోండి, సరాసరి తోటలోకి దిగవద్దు.

కొన్నా కొనకపోయినా ఈ వేసవిలో బోదె పని జరగాలి. కాలువలకు నీళ్లు ఆపేసిన తర్వాత రెండు మూడు వారాలు ఆగితే ఊట బాగా దిగుతుంది, అప్పటినుంచి మళ్లీ నీళ్లు వదిలేలోపు మీకు దొరికేదే సమయం. ఈలోపు తోటలో మూడు చోట్ల చేతి గునపంతో నాలుగేసి అడుగుల గొయ్యి తీయించి, మరునాటి పొద్దున ఎంత లోతులో నీరు నిలిచిందో కొలవండి. మురుగు కాలువలో ఆగస్టు మట్టం ఎంతో కూడా అడిగి రాయండి. ఆ అంకెలు వస్తే బోదె ఎంత లోతు తీయాలో, తూము కావాలో అక్కర్లేదో చెబుతాను.